నలభై సెకన్ల పరీక్షకు ముప్పై గంటల చదువు

మత్తు డాక్టర్ల నిరంతర విద్య రిసార్టులో జరిగితే తప్పేమిటి? సూరత్‌ను ఉదాహరణగా తీసుకుని కొన్ని లెక్కలు

ఏడాదికి 6 గంటలు. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఆపైన ఎండీ మూడేళ్లు చదివి బయటికొచ్చిన మత్తు డాక్టరు ఆ తర్వాత తప్పనిసరిగా చదవాల్సింది ఇంతే. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ ఐదేళ్లలో కనీసం 30 గంటల నిరంతర వైద్య విద్య పూర్తి చేయాలి. డాక్టర్లు దీన్ని ‘సీఎంఈ’ అంటారు. 35 ఏళ్లు ప్రాక్టీసు చేస్తారనుకుంటే మొత్తం 210 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున కూర్చుంటే 26 రోజుల్లో అయిపోతుంది.

ఈ కొద్ది గంటలు ఎక్కడ గడుస్తాయన్నదే ఇప్పుడు చర్చ. శని, ఆదివారాలు, సముద్రం పక్కన రిసార్టు, పొద్దున ఉపన్యాసాలు, సాయంత్రం కుటుంబాలతో విందు. ఈ నమూనా అమెరికాలో దశాబ్దాలుగా నడుస్తోంది. అక్కడ ఓడల మీద కూడా వైద్య సదస్సులు జరుగుతాయి. ఓడ సదస్సు పేరు చెప్పి ఆదాయపు పన్నులో ఏడాదికి 2,000 డాలర్లకు మించి ఖర్చు చూపకూడదని ప్రత్యేకంగా చట్టంలోనే రాసుకున్నారంటే, ఆ అలవాటు ఎంత పాతదో ఊహించుకోవచ్చు.

మన దగ్గర సూరత్‌ను తీసుకుందాం. ఊరి చివర డ్యూమస్ బీచి ఉంది, స్టేషన్ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. దక్షిణంగా 120 కిలోమీటర్లు వెళ్తే డామన్. తూర్పున కొండల్లోకి ఓ 160 కిలోమీటర్లు వెళ్తే సాపుతారా. వారాంతపు సదస్సు పెట్టాలనుకునేవాళ్లకు చోట్లకు కొదవ లేదు. డాక్టర్లకూ కొదవ లేదు. 1964లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, నగరపాలక సంస్థ సొంతంగా నడిపే స్మిమెర్ వైద్య కళాశాల, పెద్ద ప్రైవేటు ఆస్పత్రులు, వీధివీధినా నర్సింగ్ హోములు ఉన్న ఊరు. అందుకే ఇక్కడ నిలబడి అడగొచ్చు: రిసార్టులో చదువు చదువేనా? జవాబు రిసార్టులో లేదు. మూడు లెక్కల్లో ఉంది. ఒకటి, డాక్టరు చేతులు ఎన్ని నిమిషాలు పనిచేశాయి. రెండు, బిల్లు ఎవరు కట్టారు. మూడు, ఆ రెండు రోజులూ ఊళ్లో ఎవరున్నారు.

357 నుంచి 34కు

ముందు ఈ చదువు అసలెందుకో చూద్దాం. 2012లో లాన్సెట్ పత్రిక ప్రపంచవ్యాప్త అధ్యయనాలను గుదిగుచ్చి ఓ లెక్క వేసింది. 1970కి ముందు, కేవలం మత్తు కారణంగా పోయిన ప్రాణాలు ప్రతి పది లక్షల మందిలో 357. 1990ల తర్వాత అది 34కి పడిపోయింది. పదో వంతు. వైద్యంలో ఇంత నికరంగా భద్రత పెరిగిన విభాగాలు తక్కువ.

ఈ తగ్గుదల దానంతటది రాలేదు. ఇవాళ రిటైర్మెంటుకు దగ్గరపడిన మత్తు డాక్టరు చదువుకునే రోజుల్లో హాలోథేన్ వాయువు రాజ్యమేలింది. ప్రొపోఫాల్ ఇంజెక్షన్ 1986లో మార్కెట్లోకి వచ్చింది. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చెప్పే పల్స్ ఆక్సీమీటరు సూత్రాన్ని జపాన్ ఇంజినీరు తకువో అయోయాగి 1974లో కనిపెడితే, అది ఆపరేషన్ థియేటర్లలో తప్పనిసరి కావడానికి చాలా ఏళ్లు పట్టింది. శ్వాసనాళంలోకి పోకుండా పైనే కూర్చునే లారింజియల్ మాస్క్‌ను ఆర్చీ బ్రెయిన్ 1981లో రూపొందించారు, 1988లో అమ్మకానికి వచ్చింది. కెమెరా ఉన్న లారింగోస్కోపు 2001 తర్వాత సంగతి. కండరాలు సడలించే మందును నిమిషాల్లో విరిచేసే సుగమాడెక్స్‌కు ఐరోపా 2008లో, అమెరికా 2015లో అనుమతిచ్చాయి. చేర్చుకోవడమే కాదు, వదులుకోవడమూ ఉంటుంది. వాతావరణాన్ని వేడెక్కిస్తుందని డెస్‌ఫ్లురేన్ వాయువును 2026 జనవరి 1 నుంచి మామూలు వాడకంలో లేకుండా ఐరోపా సమాఖ్య నిషేధించింది.

నేర్చుకున్నది తప్పని తేలడం కూడా ఈ వృత్తిలో ఉన్నదే. అందుకు సాక్ష్యం మన హైదరాబాదే. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో, మళ్లీ 1889లో క్లోరోఫాం కమిషన్లు నడిపారు. రెండోదానికి లాన్సెట్ తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చేందుకు ఆరో నిజాం 1,000 పౌన్లు ఇచ్చారు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫాం గుండెను ఆపదు, ముందు ఆగేది ఊపిరే, కాబట్టి ఊపిరి మీదే కన్నేయండని తేల్చారు. ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న సలహా మంచిదే. గుండెకు ముప్పు లేదన్న మాటే తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ క్లోరోఫాం గుండె లయను నేరుగా చెదరగొట్టగలదని ప్రయోగంతో చూపించారు. అంటే 22 ఏళ్లపాటు ఓ అర్ధసత్యం పాఠంగా నడిచింది.

అదే హైదరాబాద్‌లోని మెడికల్ స్కూల్లో చదివి క్లోరోఫాం ఇవ్వడంలో పేరు తెచ్చుకున్న డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ 1909లో ఎడిన్‌బరో వెళ్లారు. పనిలో చేరి ఇరవయ్యేళ్లయ్యాక, మత్తుమందుల వెనక ఉన్న భౌతిక, రసాయన శాస్త్రాలు చదవడానికి. అప్పటికి సీఎంఈ అన్న మాట లేదు, 30 గంటల నిబంధనా లేదు.

22,000లో ఒకటి

ఇక్కడి నుంచి లెక్క కాస్త క్లిష్టమవుతుంది. మత్తు భద్రమైన కొద్దీ ప్రమాదాలు అరుదవుతాయి. అరుదైన కొద్దీ డాక్టరుకు వాటిలో అనుభవం తగ్గుతుంది.

బ్రిటన్‌లో 2008 సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు ప్రభుత్వ ఆస్పత్రులన్నింటినీ కలిపి ఓ పెద్ద తనిఖీ జరిగింది. పేరు నాప్-4, నివేదిక 2011లో వచ్చింది. సుమారు 29 లక్షల మందికి పూర్తి మత్తు ఇస్తే, శ్వాసమార్గం విషయంలో తీవ్రమైన ప్రమాదం 133 మందికి జరిగింది. వాళ్లలో 16 మంది చనిపోయారు. అంటే 22,000 మందిలో ఒకరికి తీవ్ర ప్రమాదం. ఏడాదికి 800 మందికి పూర్తి మత్తిచ్చే డాక్టరుకు ఇలాంటిది 27 ఏళ్లకోసారి ఎదురవుతుంది. నమోదైనవి నాలుగో వంతే కావచ్చని ఆ నివేదికే హెచ్చరించింది. అలా చూసినా ఏడేళ్లకోసారి.

అదే వరసలో మిగతావి: మందులకు ప్రాణాంతకమైన ఎలర్జీ సుమారు 10,000 మందిలో ఒకరికి (నాప్-6, 2018). అదే డాక్టరు లెక్కలో పన్నెండేళ్లకోసారి. ఆపరేషన్ సమయంలో గుండె ఆగిపోవడం 10,000 మందిలో ముగ్గురికి (నాప్-7, 2023). నాలుగేళ్లకోసారి. ఒళ్లు ఉన్నట్టుండి కాలిపోయే మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా మరీ అరుదు, వృత్తి జీవితం మొత్తంలో ఒక్కటీ చూడకపోవచ్చు. కానీ వచ్చిందంటే మందు డాంట్రొలీన్ ఒక్కటే. కిలోకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున 70 కిలోల మనిషికి మొదటి మోతాదే 175 మిల్లీగ్రాములు. పాతరకం సీసాలో ఉండేది 20 మిల్లీగ్రాములు. అంటే 9 సీసాలు కావాలి, ఒక్కో దాంట్లో 60 మిల్లీలీటర్ల శుద్ధజలం పోసి కలపాలి. ఒక్కడి చేత అయ్యే పని కాదు. ఆ సమయంలో ఎవరు కలపాలి, ఎవరు ఫోను చేయాలి, ఎవరు ఐసు తేవాలి అన్నది ముందే ఆడి చూసుకుంటేనే వస్తుంది.

అనుభవం నేర్పని దాన్ని అభ్యాసమే నేర్పాలి. మత్తు డాక్టరుకు సీఎంఈ మిగతా డాక్టర్లకన్నా ఎక్కువ అవసరం కావడానికి కారణం ఇదే. ఇంట్లో కూర్చుని పుస్తకం చదివితే సరిపోకపోవడానికీ కారణం ఇదే.

అయిదుసార్లు, 40 సెకన్లు

అన్నింటికన్నా భయంకరమైన క్షణం ఒకటుంది. ట్యూబు వెళ్లదు, మాస్కుతో గాలీ వెళ్లదు. అప్పుడు గొంతు ముందు భాగంలో చిన్న కోతపెట్టి నేరుగా శ్వాసనాళంలోకి దారి చేయాలి. మన దేశానికంటూ ఆల్ ఇండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి: లారింగోస్కోపుతో ప్రయత్నాలు మూడుకు మించొద్దు, లారింజియల్ మాస్క్ లాంటి పరికరంతో రెండుకు మించొద్దు, ఆపైన ఆలస్యం చేయకుండా కోత. మెదడు ఆక్సిజన్ లేకుండా తట్టుకునేది నాలుగైదు నిమిషాలే.

ఈ కోత ఎన్నిసార్లు చేస్తే చేయి తిరుగుతుంది? 2003లో ఎనస్థీషియాలజీ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. 102 మంది మత్తు డాక్టర్లను మనిషి బొమ్మ మీద వరసగా పదేసిసార్లు చేయమన్నారు. అయిదో ప్రయత్నానికి వచ్చేసరికి 96 శాతం మంది 40 సెకన్లలోపే పూర్తి చేశారు. ఆ తర్వాత పెద్దగా మెరుగుదల లేదు. అంటే కనీస మోతాదు అయిదుసార్లు. మొత్తం నాలుగు నిమిషాలు కూడా పట్టని పని.

ఇప్పుడు దీన్ని సదస్సు హాల్లోకి తెద్దాం. 60 మంది ప్రతినిధులు, ఒక్క బొమ్మ, గంటసేపు వర్క్‌షాప్ అనుకోండి. మనిషికి ఒక నిమిషం వస్తుంది. ఒక్కసారి చేసి పక్కకు జరగాలి. మిగతా 59 నిమిషాలు పక్కవాళ్ల భుజాల మీంచి తొంగిచూడటమే. అదే ఆరు బొమ్మలు పెడితే, బొమ్మకు పదిమంది, ఒక్కో ప్రయత్నానికి నిమిషం చొప్పున 50 నిమిషాల్లో అందరికీ అయిదేసిసార్లు అయిపోతుంది. గంట అదే గంట, రిసార్టు అదే రిసార్టు. తేడా అయిదు బొమ్మలు.

ఉపన్యాసాల సంగతేమిటి? 1999లో జామా పత్రికలో వచ్చిన సమీక్ష 14 ప్రయోగాలను పరిశీలించింది. వినడం తప్ప మరేమీ లేని సభలు డాక్టర్ల పని తీరును మార్చినట్టు ఆధారం దొరకలేదు. చర్చ, అభ్యాసం కలిసినవి మార్చగలిగాయి. అన్ని రకాల విద్యా సభలనూ కలిపి కాక్రేన్ సంస్థ 2021లో 215 అధ్యయనాలు చూసింది. సభకు వెళ్లొచ్చిన వైద్య సిబ్బంది సరైన పద్ధతి పాటించడం మధ్యస్థంగా 6 నుంచి 7 శాతం పెరిగిందని తేల్చింది. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ తీసిపారేయలేం. వంద మందికి మత్తిచ్చేటప్పుడు మరో ఆరేడుగురికి పని సరిగ్గా జరిగినట్టు. కాకపోతే మూడు గంటలు కదలకుండా ఉపన్యాసాలు వినిపించి ‘బ్రహ్మాండంగా జరిగింది’ అని ఫొటోలు పెట్టుకునే సభకు ఈ ఆరేడు శాతం దక్కుతుందన్న హామీ లేదు.

ఒక్క చూపులో

• భారత్‌లో డాక్టరుకు సీఎంఈ: ఐదేళ్లలో 30 గంటలు (ఏడాదికి 6)
• బ్రిటన్‌లో మత్తు డాక్టరుకు రాయల్ కాలేజీ సూచన: ఏడాదికి 50 క్రెడిట్లు, క్రెడిట్ అంటే దాదాపు గంట
• అమెరికాలో మత్తు నర్సులకు 2016లో మొదలైన పద్ధతి: నాలుగేళ్లలో 100 క్రెడిట్లు (ఏడాదికి 25)
• అమెరికాలో మత్తు డాక్టర్లకు ఆన్‌లైన్ ప్రశ్నలు: మూడు నెలలకు 30, ఏడాదికి 120, ఒక్కోదానికి నిమిషం గడువు

అమెరికాలో మత్తిచ్చే శిక్షణ పొందిన నర్సులు వేలల్లో ఉన్నారు, అక్కడి రిసార్టు సదస్సుల్లో వాళ్లూ పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. మన దేశంలో మత్తివ్వాల్సింది డాక్టరే. ఎండీ చేసినవాళ్లు దొరకని చోట ప్రసూతి అత్యవసరాల కోసం ఎంబీబీఎస్ డాక్టర్లకు 18 వారాల ప్రత్యేక శిక్షణ ఇచ్చే పథకాన్ని కేంద్రం తెచ్చింది. వాళ్లు పనిచేసేది తాలూకా ఆస్పత్రుల్లో, సలహా అడగడానికి పక్కన సీనియర్ లేని చోట. నిరంతర విద్య అందరికన్నా వాళ్లకే ఎక్కువ కావాలి. రిసార్టు సదస్సు బ్రోషరు అందరికన్నా చివర చేరేదీ వాళ్లకే.

సూరత్ నోరు, సూరత్ పాఠం

సదస్సు ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి రోగం పాఠంలో ఉండాలి. గుజరాత్‌లో మావా నమలడం ఎక్కువ. వక్కముక్కలు, పొగాకు, సున్నం కలిపి చిన్న ప్లాస్టిక్ కాగితంలో వేసి నలిపి ఇస్తారు. 2012లో రాష్ట్రం గుట్కాను నిషేధించింది గానీ, పాన్ దుకాణంలో అప్పటికప్పుడు కలిపిచ్చే మావాకు అడ్డుకట్ట పడలేదు. ఏళ్ల తరబడి వక్క నమిలితే బుగ్గల లోపలి పొర నారలా బిగుసుకుపోతుంది. దాన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. నోరు తెరుచుకోదు.

మామూలు మనిషి నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడతాయి. ఈ జబ్బు ముదిరినవాళ్లకు ఒక్క వేలు పట్టడం కష్టం. మూడు సెంటీమీటర్లలోపు తెరుచుకునే నోట్లోంచి లారింగోస్కోపు పెట్టడం కష్టసాధ్యం. మనిషి మెలకువలో ఉండగానే ముక్కులోంచి సన్నటి ఫైబరాప్టిక్ గొట్టం దించి, దాని మీదుగా ట్యూబు జార్చాలి. ఈ పని చేతికి రావాలంటే చేయాల్సిందే, చూస్తే రాదు.

సూరత్ మరమగ్గాల్లో పనిచేసేవాళ్లలో ఒడిశా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రవాళ్లతోపాటు మన కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వెళ్లిన పద్మశాలీలూ ఉన్నారు. లింబాయత్, ఉధనా వైపు తెలుగు బాగా వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి నోట్లో మావా పెట్టుకునే కార్మికుడు రేపు హెర్నియా ఆపరేషన్‌కు వచ్చినప్పుడు, పైన చెప్పిన 22,000లో ఒకరన్న లెక్క అతనికి వర్తించదు. అది బ్రిటన్ నోళ్ల సగటు. సూరత్ నోళ్లలో ముప్పు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. డ్యూమస్‌లో సదస్సు పెట్టి, కార్యక్రమంలో మావా నోటి గురించి ఒక గంట లేకపోతే, ఆ సదస్సు సూరత్‌లో జరిగినట్టు కాదు.

గది ఎవరి ఖాతాలో?

రెండో లెక్క డబ్బుది. ఇందులో నిబంధనలు పదిహేనేళ్లలో చాలా బిగిశాయి.

2009 డిసెంబరులో వైద్య మండలి సవరణ తెచ్చి, మందుల కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం తీసుకోవద్దని డాక్టర్లకు చెప్పింది. 2016లో శిక్షలకు రేట్లు కట్టింది. రూ.1,000 నుంచి రూ.5,000 దాకా అయితే మందలింపు. రూ.10,000 దాకా అయితే రిజిస్టర్ నుంచి 3 నెలలు తొలగింపు. రూ.50,000 దాకా 6 నెలలు, రూ.లక్ష దాకా ఏడాది, అంతకు మించితే ఏడాదికి పైనే. వైద్య మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నియమావళి తెచ్చి, మూడు వారాలకే పక్కన పెట్టింది. పాత 2002 నియమావళే మళ్లీ అమల్లోకి వచ్చింది.

పన్నుల శాఖ మరో వైపు నుంచి వచ్చింది. డాక్టర్లకు ఇచ్చిన తాయిలాలను వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం కుదరదని ఎపెక్స్ ల్యాబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 22న తేల్చింది. అదే ఏడాది జులై 1 నుంచి, ఏడాదిలో రూ.20,000 దాటిన లబ్ధి మీద ఇచ్చేవాళ్లే 10 శాతం పన్ను కోసి కట్టాలన్న నిబంధన వచ్చింది.

2024 మార్చి 12న కేంద్ర ఔషధ విభాగం విడుదల చేసిన మార్కెటింగ్ నియమావళి ఏకంగా రిసార్టు పేరెత్తింది. వక్తలకు తప్ప మిగతా డాక్టర్లకు గానీ, వాళ్ల కుటుంబాలకు గానీ హోటల్ గది, ఖరీదైన భోజనం, రిసార్టు బస కంపెనీలు ఇవ్వకూడదు. విదేశాల్లో సీఎంఈలు పెట్టకూడదు. ఏ సదస్సుకు ఎంత ఖర్చయిందో కంపెనీ తన వెబ్‌సైట్లో పెట్టాలి. మత్తు డాక్టరు మందులతోపాటు వెంటిలేటర్లు, మానిటర్లు, ట్యూబులు కూడా ఎంచుకుంటాడు గనక, పరికరాల కంపెనీల కోసం ఆ సెప్టెంబరులో విడిగా వచ్చిన నియమావళి కూడా అతనికి ముఖ్యమే.

ఇవన్నీ కాగితాలకే పరిమితమా? 2024 డిసెంబరులో ఎబ్‌వీ హెల్త్‌కేర్ ఇండియా కంపెనీని ఔషధ విభాగం తప్పుపట్టింది. చర్మ సౌందర్యానికి సంబంధించిన సదస్సుల పేరుతో 30 మంది డాక్టర్లను పారిస్, మొనాకో పంపి రూ.1.91 కోట్లు ఖర్చుపెట్టిందన్నది అభియోగం. తలకు రూ.6.3 లక్షల పైచిలుకు. మత్తు డాక్టర్లకు సంబంధం లేని కేసే అయినా, సదస్సు ఎక్కడ విహారయాత్రగా మారుతుందో గీత గీసి చూపించింది.

ఈ నిబంధనలను డ్యూమస్ రిసార్టుకు అన్వయించి చూద్దాం. కంపెనీ ఓ డాక్టరుకు గది, కారు, విందు కలిపి రూ.25,000 పెట్టిందనుకోండి. కంపెనీ నియమావళిని దాటింది, దాన్ని ఖర్చుగా చూపుకోలేదు, పైగా రూ.2,500 పన్ను కోసి కట్టాలి. డాక్టరు 6 నెలలు రిజిస్టర్లో పేరు లేకుండా కూర్చోవాల్సిన కోవలోకి వచ్చాడు. అదే రూ.25,000 డాక్టరు సొంత జేబులోంచి కట్టుకుంటే? భార్యాపిల్లల్ని తీసుకెళ్లినా, సాయంత్రం అలల్లో ఆడినా ఎవరికీ అభ్యంతరం లేదు. తప్పు ఇసుకది కాదు, రసీదుది.

గుజరాత్‌లో ఇంకో చిన్న మెలిక ఉంది. రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచీ మద్యనిషేధం. డామన్ కేంద్రపాలిత ప్రాంతం, అక్కడ ఆ నిషేధం లేదు. డామన్‌లో సెమినార్ అనగానే సూరత్ జనం ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వడానికి కారణం అదే. 20 కిలోమీటర్లలో బీచి ఉండగా 120 కిలోమీటర్లు ఎందుకెళ్లాల్సి వచ్చిందన్నది నిర్వాహకులు ముందే చెప్పుకోవాల్సిన జవాబు.

ఊళ్లో ఎవరున్నారు?

మూడో లెక్క సదస్సు బ్రోషర్లలో ఎప్పుడూ కనిపించదు. ప్రతి లక్ష జనాభాకు కనీసం 5 మంది మత్తు డాక్టర్లు ఉండాలని ప్రపంచ ఎనస్థీషియా సంఘాల సమాఖ్య లక్ష్యం. 2011 జనాభా లెక్కల్లో సూరత్ నగరం 44.6 లక్షలు. ఆ లెక్కన అప్పటికే 223 మంది కావాలి. ఆ తర్వాత ఊరు ఎంత పెరిగిందో వేరే చెప్పక్కర్లేదు. దేశం మొత్తం మీద ఈ లక్ష్యానికి మనం చాలా దూరంలో ఉన్నాం.

మన దేశంలో చాలామంది మత్తు డాక్టర్లది ఒకే ఆస్పత్రిలో ఉద్యోగం కాదు. పొద్దున ఒక నర్సింగ్ హోములో సిజేరియన్, పదకొండుకు మరోచోట ఎముకల ఆపరేషన్, రాత్రి ఎక్కడ పిలిస్తే అక్కడికి. సదస్సుకు వెళ్లిన రోజు ఆదాయం సున్నా. వాయిదా వేయగల ఆపరేషన్లు సోమవారానికి జరుగుతాయి. కానీ తల్లికో బిడ్డకో ప్రాణాపాయం ఉన్న సిజేరియన్‌లో నిర్ణయం నుంచి ప్రసవం దాకా 30 నిమిషాలు దాటకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే కొలమానం. సాపుతారా నుంచి 30 నిమిషాల్లో కొండ దిగడమే పూర్తవదు. డ్యూమస్ నుంచైతే ట్రాఫిక్ దయ.

అందుకే మంచి స్థానిక శాఖ చేయాల్సిన మొదటి పని హాలు బుక్ చేయడం కాదు, ఆ రెండు రోజుల డ్యూటీ పట్టిక వేయడం. సగం మంది శనివారం, సగం మంది ఆదివారం వచ్చేలా అదే వర్క్‌షాప్‌ను రెండుసార్లు నడిపితే ఊరు ఖాళీ అవదు, బొమ్మ దగ్గర వరసా సగమవుతుంది.

రిసార్టుకు న్యాయం చేయాల్సిన మాట కూడా ఒకటుంది. మత్తు డాక్టరు ఒంటరి. థియేటర్లో సర్జన్ ఉంటాడు, నర్సులు ఉంటారు, తన పని తెలిసిన మరో మనిషి ఉండడు. చేతిలో జరిగిపోయిన పొరపాటునో, తృటిలో తప్పిన ప్రమాదాన్నో నోరువిప్పి చెప్పుకోవడానికి తోటివాళ్లు కావాలి, తొందర లేని సమయం కావాలి. ఆస్పత్రి ఆడిటోరియంలో మధ్యమధ్య ఫోను మోగే ఆదివారం పొద్దున ఆ మాటలు రావు. రాత్రి భోజనాల దగ్గర వస్తాయి. పది స్లైడ్లు నేర్పనిది ‘మొన్న నాకిలా అయింది’ అన్న ఒక్క కథ నేర్పుతుంది. ఊరి నుంచి కాస్త దూరం వెళ్లడంలో ఉన్న అసలు లాభం ఇదే. దీనికి క్రెడిట్ గంటలు రావు గానీ విలువ ఉంది.

బ్రోషరు ఎలా చదవాలి

డ్యూమస్ కావచ్చు, భీమిలి కావచ్చు, గోవా కావచ్చు. నాలుగు ప్రశ్నలు చాలు.

1. మొత్తం గంటల్లో చేత్తో చేసేవి ఎన్ని? ఆరింట రెండు కూడా లేకపోతే ఆలోచించుకోవాలి.
2. ఒక్కో బొమ్మకు ఎందరు? పది దాటితే అయిదుసార్లు చేసే అవకాశం రాదు.
3. నా గది బిల్లు మీద ఎవరి పేరుంది?
4. ఆ రెండు రోజులూ నా ఆస్పత్రిలో అత్యవసరానికి ఎవరు?

రోగి వైపు నుంచి కూడా కొన్ని అంకెలు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఎంత చదివిన డాక్టరైనా మనం చెప్పని దాన్ని కనిపెట్టలేడు. ఆపరేషన్‌కు ముందు మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలి, తల్లిపాలు 4 గంటలు, తేలికపాటి టిఫిన్ 6 గంటలు, నూనె, మాంసం ఉన్న భోజనం 8 గంటలు. పాలు కలిపిన టీ మంచినీళ్ల లెక్కలోకి రాదు, టిఫిన్ లెక్కలోకి వస్తుంది. ‘ఒక్క గుక్కేగా’ అని దాచిపెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నోట్లో మూడు వేళ్లు పట్టకపోయినా, మావా, గుట్కా, బీడీ అలవాటున్నా, పళ్లు కదులుతున్నా, ఇంట్లో ఎవరికైనా మత్తు పడకపోయినా ముందే చెప్పాలి. ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పాలి, హిందీ రాదని ఊరుకోకూడదు.

ఏడాదికి ఒక గంట

మళ్లీ 30 గంటల దగ్గరికి వద్దాం. వాటిని రాత్రికి రాత్రి బ్రిటన్ స్థాయికి పెంచమనడం తేలిక. లక్షకు అయిదుగురు కూడా లేని చోట వాళ్లను ఏడాదికి 50 గంటలు థియేటర్ల నుంచి బయటికి లాగితే ఆపరేషన్లు ఆగుతాయి. గంటలు పెంచకుండానే చేయగలిగింది ఒకటుంది. ఆ 30లో 5 గంటలు బొమ్మ మీద చేతులతో చేసిన అభ్యాసమే అయి ఉండాలని రాష్ట్ర వైద్య మండళ్లు షరతు పెట్టొచ్చు. అంటే ఏడాదికి ఒక గంట. ఆ గంటలో గొంతు కోత అయిదుసార్లు, మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా కసరత్తు ఒకసారి, ఆగిన గుండెను నడిపించడం ఒకసారి. కొత్తగా ఎండీలో చేరేవాళ్లకు గుండె పునరుజ్జీవన శిక్షణను 2023 పీజీ నిబంధనలు ఇప్పటికే తప్పనిసరి చేశాయి. ఇరవయ్యేళ్ల కింద ఎండీ చేసినవాళ్లకు ఆ నిబంధన వర్తించదు.

ఇప్పుడున్న పద్ధతిలో హాజరు పట్టీలో సంతకం పెట్టినవాడికీ, బొమ్మ మీద అయిదుసార్లు చేసినవాడికీ అవే క్రెడిట్లు. మండలి మార్చాల్సింది అది. ఆ షరతు పెట్టాక సదస్సును డ్యూమస్ ఒడ్డున పెట్టుకుంటారో, స్మిమెర్ మేడ మీద పెట్టుకుంటారో డాక్టర్ల ఇష్టం, వాళ్ల ఖర్చు.